నెహెమ్యా తూము దగ్గర ఆగిన అంబాసిడర్

మండవల్లి దాటాక కొల్లేటి చేపల చెరువుల మధ్య నుంచి ఏలూరు పోయే అడ్డదారి ఒకటుంది. ఆ దారిలో ఒక తూము ఉంది. పగలు చూస్తే ఏమీ ఉండదు. నడుమెత్తు సిమెంటు గోడ, తుప్పుపట్టిన ఇనుప చట్రం, కింద గుర్రపుడెక్క నిండిన కాలవ. దాటేసి అరకిలోమీటరు వెళ్ళిపోయాక, తూమెక్కడా అని అడుగుతారు మీరు.

పొద్దుగూకాక మాత్రం అడగరు.

దాన్ని నెహెమ్యా తూము అంటారు. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపకూడదు. హారన్ కొట్టకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. ముఖ్యంగా... పాత కారైతే అసలా దారినే వెళ్ళకూడదు.

ఎందుకంటే ఆ దెయ్యానికి కొత్త కార్లు కంటికి ఆనవండి. ఏసీ బళ్ళు అద్దాలెత్తుకుని సర్రున పోతుంటే తలెత్తి కూడా చూడదు. చేపల లారీలంటే లెక్కే లేదు. అదే ఏ పాత అంబాసిడరో దగ్గుకుంటూ వచ్చిందనుకోండి, చెరువు గట్టు మీంచి లేచి నిలబడుతుంది. మాసిన గడ్డం, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన లుంగీ, ఎడంచేతిలో నల్లగా, గుండ్రంగా వేలాడుతూ... ఒక ఉచ్చు.

ఉరితాడు.

పోయినేడాది ఏలూరు నుంచి పెళ్ళికి అద్దెకొచ్చిన తెల్ల అంబాసిడర్ అక్కడే పంక్చరైంది. డ్రైవరు నెల్సన్ చక్రం మారుస్తుంటే అది గట్టు దిగి వచ్చిందట. పలకరించలేదట. కారు ముందుకెళ్ళి, నడుం వంచి, మనిషి మొహంలోకి చూసినట్టు కారు మొహంలోకి చూసి, తల అడ్డంగా ఊపి... వచ్చిన దారినే వెళ్ళిపోయిందట. నెల్సన్ జాకీని అక్కడే వదిలేసి వచ్చాడు. దానికి కావలసింది నా బండి కాదు, అందుకే బతికానని ఆకివీడు టీకొట్టు దగ్గర వారం రోజులు చెప్పుకున్నాడు.

మీరు నవ్వుకుంటున్నారు కదూ? నేనూ నవ్వుకునేదాన్ని. మీకంటే ఎక్కువే నవ్వుకునేదాన్ని.

ఎందుకంటే ఆ ఉరితాడు నాది.

నా పేరు అఖిల. ఏలూరులో ఇంజనీరింగు చదువుతున్నాను. ఐదేళ్ళ క్రితం ఇంటర్ సెలవుల్లో మా పిన్ని పిల్లలొచ్చారు. కరెంటు పోయిన ఒక సాయంత్రం, వాళ్ళని కాస్త భయపెడదామని తూము దెయ్యానికి చేతిలో ఒక ఉరితాడు పెట్టాను. అంతకు ముందు దానికి చేతిలో ఏమీ ఉండేది కాదు, పాపం. నెల తిరక్కుండానే మా పాలవాడు ఆ తాడు కథ నాకే చెప్పాడు. తను కళ్ళారా చూశానన్నాడు. తర్వాత వలల వాళ్ళు చూశారు. మేత లారీల వాళ్ళు చూశారు. నేను కుట్టిన చొక్కా తొడుక్కుని ఒక దెయ్యం ఊరేగుతుంటే ఎంత సరదాగా ఉంటుందో మీకు చెప్పలేను.

ఆ సరదా ఎక్కడ ఆగిందో చెప్పడానికే ఇదంతా.

ముందు నెహెమ్యా సంగతి. మా ఊళ్ళో అద్దె కారు నడిపేవాడు. పాత అంబాసిడరే. పన్నెండేళ్ళ క్రితం, కార్తీక మాసంలో ఒక సాయంత్రం, భార్య స్టెల్లాకి నొప్పులొస్తే వెనక సీట్లో పడుకోబెట్టి ఏలూరు బయల్దేరాడు. సరిగ్గా ఆ తూము దగ్గర ఫ్యాను బెల్టు తెగిపోయింది. ఇంజను ముందర ఫ్యానునీ, నీళ్ళ పంపునీ తిప్పే రబ్బరు పటకా అది. చూడ్డానికి పెద్ద నల్లగాజులా ఉంటుంది. అది లేకపోతే ఇంజను కాగిపోయి బండి రాయిలా అయిపోతుంది. నెహెమ్యా దగ్గర స్పేరు లేదు.

ఏలూరు వైపు నుంచి ఒక కారొచ్చి ఆగిందట. బెల్టుంటే ఇప్పించండి, పొద్దున్నే కొత్తది తెచ్చిస్తానని అడిగాడట. లేదన్నారట. ఆ కారు వెళ్ళిపోయింది.

ట్రాక్టరు దొరికేసరికి యాభై నిమిషాలు పట్టింది. యాభై అని ఊరందరికీ తెలుసు. ఆ తర్వాత ఎవరు ఏమడిగినా నెహెమ్యా చెప్పింది ఆ ఒక్కమాటే.

"యాభై నిమిషాలు చూసిందండి."

స్టెల్లా ట్రాక్టరు ఎక్కలేదు. ఎక్కించారు. కడుపులో బిడ్డతో సహా.

నెల తిరిగేలోపు నెహెమ్యా కనపడకుండా పోయాడు. తూము చట్రానికి ఉరేసుకున్నాడన్నారు. శవమేదంటే కాలవలో కొట్టుకుపోయిందన్నారు. ఆ కాలవలో నీళ్ళే కదలవు, శవం ఎలా కదిలిందని ఎవరూ అడగలేదు. ఆ రోజు ఆగిన కారు ఎవరిదని కూడా ఎవరూ అడగలేదు.

ఇక మా పెదనాన్న. అబ్బాయిరాజు గారు. డెబ్బైకి దగ్గరవుతున్నా ఆయన పేరులో ఉన్న అబ్బాయి పోలేదు, ఆ అబ్బాయితనం ఆయన కారు దగ్గర బయటపడుతుంది. మీగడ రంగు అంబాసిడర్. మా పెద్దమ్మ వెంకటనరసమ్మ గారి కంటే రెండేళ్ళు ముందే ఆ ఇంటికొచ్చింది. అందుకని పెద్దరికం దానిదే.

దాని డిక్కీలో ఒక ఆకుపచ్చ రేకుపెట్టె. ఆ పెట్టె చూస్తే మీకు మెకానిక్ షెడ్డుకి వెళ్ళాలనిపించదు. పానాల కట్ట, ప్లగ్గు పానా, కటింగు ప్లేరు, రెండు స్క్రూడ్రైవర్లు. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు, ఫ్యూజులు, రేడియేటరు గొట్టం, దాని క్లిప్పులు. పెట్రోలు ట్యాంకు కారితే అద్దడానికి సగం అరిగిన బట్టలసబ్బు. ఎండలో పంపు వేడెక్కితే తడిపి కప్పడానికి పాత లుంగీ ముక్క. చక్రం కింద వెయ్యడానికి చింతచెక్క. మూత లోపలివైపు ఒక జాబితా అతికించి ఉంటుంది. నలభయ్యేళ్ళ కిందట ముత్యాల్లాంటి అక్షరాలతో ఆయన రాసుకున్నది. దాంట్లో ఒక్క అక్షరం మారలేదు.

ఊరు దాటే ప్రయాణమైతే చాలు, ఆ జాబితా ప్రకారం హాజరు పిలవాల్సిందే. ఆయన చదువుతారు, ఎదుటివాళ్ళు ఆ వస్తువు ముట్టుకుని 'ఉంది' అనాలి. నేనింట్లో ఉంటే ఆ పని నాదే. మధ్యమధ్యలో 'సబ్బు ఈరోజు సెలవు పెట్టింది పెదనాన్నా' అంటే పుస్తెలతాడు పోయినంత కంగారుపడేవారు.

చంద్రుడి మీదకెళ్ళిన వాళ్ళు కూడా ఇంత సర్దుకోలేదేమో అన్నానోసారి.

"వాళ్ళ వెనకాల వెయ్యిమంది ఉన్నారే. నాకెవడి సాయమూ అక్కర్లేదు" అన్నారు.

ఎవడికీ సాయం చెయ్యక్కర్లేదు అన్నది కూడా ఆ మాటలోనే ఉందని నేనప్పుడు పట్టించుకోలేదు. ఆయన పెట్టెలోంచి ఒక్క వస్తువు బయటి మనిషి చేతికి వెళ్ళదు. మా నాన్న, సొంత తమ్ముడు, స్కూటరుకి పదమూడో నంబరు పానా అడిగితే ఇవ్వలేదు. ఆయన లెక్క ఒకటే. స్పేరు ఇచ్చేస్తే మనం స్పేరు లేకుండా రోడ్డు మీద ఉంటాం.

ఫ్యాను బెల్టుకి ఆ పెట్టెలో రాణివాసం. రబ్బరు అతుక్కోకుండా పౌడరు చల్లి, దినపత్రిక చుట్టి, అట్టపెట్టెలో పెట్టేవారు. ఇంత పౌడరు మా పెళ్ళికూతుళ్ళకి కూడా రాయలేదు పెదనాన్నా అంటే మురిసిపోయేవారు.

ఇప్పుడు అసలు సాయంత్రం.

మొన్న కార్తీకంలో, ఆదివారం, సరిగ్గా ఆరింటికి, పెద్దమ్మ చేపల మేత కొట్లో తవుడు బస్తా కదిపింది. బస్తా వెనక రక్తపింజర ఉంది. కుడికాలి మడమ పైన పడింది కాటు.

పెద్దమ్మ అరవలేదు. బయటికొచ్చి అరుగు మీద కూర్చుని, ఏవండీ, పాము కరిచిందండీ అంది. పాలు విరిగాయండీ అన్నట్టు.

నేను అంబులెన్సుకి ఫోను చేశాను. బండి ఇంకో కేసు మీద వెళ్ళింది, నలభై నిమిషాలు పడుతుందన్నారు. అంతలో మనం ఏలూరు పెద్దాసుపత్రిలో ఉంటామన్నారు పెదనాన్న. కాలికి తువ్వాలు బిగించి కట్టారు. పెద్దమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టారు.

అప్పుడు... డిక్కీ తెరిచారు.

మీరు నమ్మరు. ఆయన హాజరు పిలిచారు.

పెదనాన్నా, ఇప్పుడెందుకు అన్నాను. దారిలో ఆగిపోతే ఎవడిస్తాడే, పలుకు అన్నారు. నలభయ్యేళ్ళుగా చేస్తున్న పని అది, చెయ్యకపోతే బండి కదలదని నిజంగానే నమ్మారు. వాదిస్తే ఇంకా ఆలస్యమని నేను గబగబా పలికాను. పానాలు... ఉన్నాయి. పాయింట్లు... ఉన్నాయి. సబ్బు... ఉంది. ఫ్యాను బెల్టు... ఉంది.

అట్టపెట్టె మీద చెయ్యి వేసి ఉందన్నాను. విప్పి చూడలేదు. ఎప్పుడూ ఎవరూ విప్పి చూడలేదు.

వెనక సీట్లోంచి పెద్దమ్మ మా ఇద్దరినీ చూస్తూ కూర్చుంది.

ఆరుంపావుకి కారు కదిలింది. మీ నాన్నకి ఫోను చేసి ఏలూరు రమ్మనమని నన్ను ఇంట్లో ఉంచేశారు. కారు మలుపు తిరిగాక చూద్దును కదా... అరుగు మీద పెదనాన్న ఫోను ఉంది. నలభయ్యేళ్ళ నాటి ఆ జాబితాలో ఫోను లేదు మరి.

ఇక్కడినుంచి నేను చూసింది కాదు. విన్నది. సగం పెదనాన్న చెప్పగా, సగం పెద్దమ్మ చెప్పగా.

ఆరున్నరకి తూము కనపడింది. మంచు దిగుతోంది. రెండువైపులా చెరువుల్లో చేపలకి గాలి ఆడించే ఏరేటర్లు నీళ్ళని చరుస్తున్నాయి, ఎవరో అరచేత్తో కొడుతున్నట్టు. చట్రం మీద కూర్చున్న గూడబాతు ఒకటి లేచి పోయింది.

ఫట్...

చిన్న చప్పుడు. డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది. పెదనాన్న కారు ఆపి, బానెట్టు ఎత్తి, టార్చి వేసి చూశారు. బెల్టు తెగి కింద వేలాడుతోంది.

ఆయన కంగారుపడలేదట. ఒకరకంగా సంతోషించారని పెద్దమ్మ అంది. నలభయ్యేళ్ళు మోసిన పెట్టెకి పని పడింది. చింతచెక్క తీసి చక్రం కింద వేశారు. పానాలు వరసగా ఇంకో తువ్వాలు మీద పరిచారు. డైనమో బోల్టులు వదులు చేశారు. అట్టపెట్టె విప్పారు. చుట్టిన పేపరు పసుపుపచ్చగా మారి చేతిలో పొడి అయింది. లోపల బెల్టు మాత్రం పౌడరు పూసుకుని నవనవలాడుతోంది. ఫ్యాను రెక్కల మీంచి తొడిగి, డైనమోని వెనక్కి లాగి బిగించారు. పదిహేను నిమిషాలు. డెబ్బై ఏళ్ళ చేతులకి అది తక్కువేం కాదు.

కాలు మండుతోందండీ అంది పెద్దమ్మ.

అయిపోయింది, అయిపోయింది అన్నారు. తాళం తిప్పారు.

ఇంజను అంటుకుంది. రెండు నిమిషాలు తిరిగింది. తర్వాత బానెట్టు కిందనుంచి ఏదో ముక్కలు ముక్కలుగా ఎగిరిపడిన చప్పుడు.

టార్చి వేసి చూస్తే కొత్త బెల్టు లేదు. రోడ్డు మీద నల్లటి పెంకుల్లా పడి ఉంది. రబ్బరు వాడకపోయినా ఊరుకోదండి. పౌడరు కింద, పేపరు కింద, ఎవరికీ ఇవ్వకుండా దాచిన చోటే, ఏళ్ళ తరబడి ఎండి ఎండి బీటలు వారిపోయింది. చూపులకే బెల్టు.

పెద్దమ్మ కాలు అప్పటికి మోకాలి దాకా వాచింది. చిగుళ్ళలోంచి ఉప్పగా ఏదో ఊరుతోంది.

"పోనివ్వండి" అంది. "ఎంత దూరం పోతే అంత దూరం పోనివ్వండి."

"బెల్టు లేకుండానా? ఇంజను పట్టేస్తుందే."

ఈ మాట నాకు పెదనాన్న చెప్పలేదు.

ఒక మోటారు సైకిలు వచ్చింది. పెదనాన్న రోడ్డుకి అడ్డంగా వెళ్ళి చేతులూపారు. ఆ కుర్రాళ్ళకి కనపడింది ఏమిటి? నెహెమ్యా తూము, దాని పక్కన ఒక పాత అంబాసిడర్, మంచులో చేతులూపుతున్న ఒక ముసలి ఆకారం. బండి వంకరగా తిప్పి, దాదాపు కాలవలో పడబోయి, తప్పించుకుని పోయారు. వెనక కూర్చున్నవాడు ఏదో ప్రార్థన చేస్తున్నాడట.

వాళ్ళని అంతలా భయపెట్టింది ఎవరో మీకు తెలుసు. ఆ ఉరితాడు నాదేనని ముందే చెప్పానుగా.

ఏడు కావస్తోంది. అప్పుడు...

గట్టు మీద ఎవరో లేచి నిలబడ్డారు.

టార్చి అటు తిప్పారు పెదనాన్న. గడ్డం. ఎగ్గట్టిన లుంగీ. ఎడంచేతిలో నల్లగా, గుండ్రంగా ఒక ఉచ్చు. నడక తొందరగా లేదు. అటూ ఇటూ చూడటం లేదు. నేరుగా కారు వైపే వస్తోంది.

మొహం మీద వెలుగు పడింది. గడ్డం నెరిసింది, బుగ్గలు పీక్కుపోయాయి, కానీ ఆ మొహం నెహెమ్యాదే.

ఉచ్చు పట్టిన చెయ్యి పైకి లేచింది. పెదనాన్న వైపు చాచింది.

టార్చి కిందపడింది. పెదనాన్న పరుగెత్తారు. వెనక సీట్లో భార్య ఉందన్న సంగతి రెండు చెరువులు దాటాక గుర్తొచ్చిందట. అప్పుడు కూడా కాళ్ళు వెనక్కి తిరగలేదట. గట్టు జారి చెరువులో పడ్డారు. నడుంలోతు బురదలో, తెల్లవార్లూ, తూటికాడలు పట్టుకుని నిలబడ్డారు.

పొద్దున ఆయన్ని వలల వాళ్ళు ఇంటికి తెచ్చారు. ఒక చెప్పు లేదు. ఒళ్ళు కాలిపోతోంది. మూలుగులో ఒక్కటే మాట.

"లేదు నెహెమ్యా... లేదు నెహెమ్యా..."

దెయ్యాలు లేవని తనకి తాను చెప్పుకుంటున్నారేమో అనుకున్నాను నేను.

వలల వాళ్ళు తూము దగ్గర వెతికొచ్చారు. కారు లేదు. పెద్దమ్మ లేదు. రోడ్డు మీద చింతచెక్క ఒక్కటే ఉంది. కాలవలో వెదుళ్ళు గుచ్చి వెతుకుతున్నారు. ఊరంతా మా గుమ్మంలో చేరింది. కారుతో సహా ఎత్తుకుపోయిందని ఎవరో అన్నారు. ఉరితాడు సంగతి ఎవరో ఎత్తారు. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఎనిమిదింటికి మా నాన్న ఫోను. రాత్రంతా ఏలూరు బస్టాండులో, పెద్దాసుపత్రి వాకిట్లో, ఇంకో రెండు ఆసుపత్రుల్లో తిరిగి, చివరికి పెద్దాసుపత్రి లోపలే దొరికిందట పెద్దమ్మ. నిన్న రాత్రి ఎనిమిదిన్నరకే చేర్చారట. పేరు చెప్పడానికి తెలివి లేకపోతే నర్సులు వేరే పేరు రాసుకున్నారట. బతికే ఉంది. కారు ఆసుపత్రి వెనక చెట్టు కింద ఉంది. కారు తాళాలు నర్సు చేతిలో పెట్టి వెళ్ళాడట తెచ్చిన మనిషి.

దాని ఇంజను మీద కొత్త ఫ్యాను బెల్టు ఉందట.

అదండీ ఉరితాడు. నల్లటి రబ్బరు బెల్టు.

నెహెమ్యా చావలేదు. చెరువుల లీజు వాళ్ళని అడిగితే తెలిసింది. భార్యని పోగొట్టుకున్న ఊళ్ళో ఉండలేక తాడేపల్లిగూడెం వెళ్ళి, ఏడేళ్ళు లారీల షెడ్డులో పనిచేశాడు. ఐదేళ్ళ క్రితం వెనక్కొచ్చి, తూముకి అవతల బయటి ఊరి వాళ్ళు లీజుకి తీసుకున్న చెరువుల మీద కాపలాకి కుదిరాడు. రోజూ చీకటి పడే వేళకి, చేతిలో బెల్టు పట్టుకుని, తూము దగ్గర కూర్చునేవాడు. నేను తాడు కథ అల్లిన ఎండాకాలమే అది. పాలవాడు నా కథ నాకు అప్పజెప్పలేదు. నిజంగానే చూశాడు.

ఇంత మంచి మాట మా ఊరు చాలాకాలంగా వినలేదు. తన భార్యకి దొరకని బెల్టు ఇంకెవరికీ దొరక్కుండా పోకూడదని ఐదేళ్ళు కూర్చున్నాడట, అన్నారు. దెయ్యమని పారిపోయిన వాళ్ళందరూ సిగ్గుపడ్డారు. పెదనాన్న అయితే ఏడ్చారు. దేవుడిలాంటి మనిషి, మనసులో ఏమీ పెట్టుకోలేదు అన్నారు. ఏం పెట్టుకోవాలో నాకు తెలియలేదు, అడగలేదు. శాలువా కప్పుతానని చెరువుల దగ్గరికి వెళ్ళారు. కాపలా గుడిసె ఖాళీగా ఉంది. ఆ రాత్రి తర్వాత నెహెమ్యా మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

పెద్దమ్మ నలభై రోజులకి ఇంటికొచ్చింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. కొంచెం ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదని డాక్టరు అన్నారు. ఎంత ముందు అని ఎవరూ అడగలేదు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. కానీ నాకు లెక్కలొచ్చండి. అదే నా ఖర్మ.

పోయిన వారం అరుగు మీద పెద్దమ్మ రొయ్యలు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని సాయం చేస్తున్నాను. అంటే, మాట్లాడుతున్నాను. మాటల్లో అడిగాను. ఏడింటికి పెదనాన్న పరుగెత్తారు. ఎనిమిదిన్నరకి నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. తూము నుంచి ఏలూరు అరగంట. లారీలు విప్పిన చెయ్యి, బెల్టు తొడగడానికి పదినిమిషాలు చాలు. మిగతా సమయం ఎటు పోయింది పెద్దమ్మా?

పెద్దమ్మ రొయ్య తల తుంచి పక్కన పడేసింది. లోపల పెదనాన్న నిద్రపోతున్నారా అని ఒకసారి తొంగిచూసింది.

"వచ్చీరాగానే ముందు వంగి నంబరు చూశాడే" అంది మెల్లగా.

నాకు నెల్సన్ గుర్తొచ్చాడు. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయిందట...

"ఈసారి తల ఊపలేదు" అంది, నేను అడక్కుండానే.

తర్వాత అతను వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడట. కిందపడిన టార్చి తీసి కారు మీద పెట్టాడట. చేతిలో బెల్టు అలాగే ఉంది. ఇంజను రెండడుగుల దూరంలో ఉంది. పెదనాన్న పరిచిన పానాలు తువ్వాలు మీద వరసగా మెరుస్తున్నాయి. అతను వాటివైపు చూడలేదట. పెద్దమ్మ వైపూ చూడలేదట. కుడిచేతి వాచీ వైపు చూస్తూ నిలబడ్డాడట.

"మరి నువ్వడగలేదా? బెల్టు వెయ్యమని, కాలు మండిపోతోందని?"

"అడగడానికి నాకు నోరెక్కడిదే?"

ఇంకో రొయ్య తీసుకుంది. ఒలవలేదు.

"ఆ రోజు స్టెల్లా దగ్గర ఆగిన కారు మనదే. ఏలూరులో సామాను ఎక్కించుకుని ఆకివీడులో పెళ్ళికి వెళ్తున్నాం. ముందు సీట్లో నేనే ఉన్నాను. డిక్కీ నిండా పెళ్ళివాళ్ళ సామానుందని పెట్టె నా కాళ్ళ దగ్గర పెట్టారు. దాంట్లో బెల్టు ఉంది. పొద్దున హాజరు పలికింది నేనే. మీ పెదనాన్న లేదు నెహెమ్యా అన్నారు. నెహెమ్యా నా వైపు చూశాడు. నేను... చీర కుచ్చిళ్ళతో పెట్టె కప్పుకున్నాను."

ఏరేటర్ల చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. మామూలుగా వినపడదు.



"వాంతయింది" అంది పెద్దమ్మ. "కళ్ళు మూతలు పడుతున్నాయి. పడినప్పుడల్లా అతను కారు తలుపు మీద వేలితో కొట్టేవాడు, మెల్లగా. తెలివి తప్పనివ్వలేదే. చూస్తూ ఉండమన్నట్టు."

"ఎంతసేపు పెద్దమ్మా?"

లోపల పెదనాన్న కదిలారు. మంచం కిర్రుమంది. పెద్దమ్మ మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. రొయ్యలతో చెబుతున్నట్టు అంది.

"చివరికి వాచీ మీంచి తలెత్తాడు. యాభై అయిందమ్మగారూ, అన్నాడు."

"అని... బెల్టు తీసుకుని ఇంజను దగ్గరికి వెళ్ళాడు."